అడక్కముందే తగ్గిన మనిషి

ఫ్యాక్టరీ బస్సు తిరువళ్ళూరు దాటుతుండగా దాము నా పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. మా ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ఒకప్పుడు ఆదివారాలు ఒకే గుంపుతో పళ్ళిపట్టు వైపు గుట్టల్లో మోటారు బండ్లు తోలేవాళ్ళం. అతను ఇంకా తోలుతున్నాడు. నేను మానేశాను. సరిగ్గా చెప్పాలంటే మాన్పించారు.

"అన్న పోయినాడక్కా," అన్నాడు. "గుండెపోటు. ఆస్పత్రికి పోయేలోపలే."

ఏ అన్న అని అడగలేదు. మా గుంపులో పేరుతో పనిలేని అన్న ఒక్కడే. "అట్లనా" అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దాము కాసేపు నా ముఖం చూసి, నేను ఏడవబోవడం లేదని తెలుసుకుని, సెల్‌ఫోను తీశాడు. అప్పటికే గుంపులో అందరూ పోటీలుపడి రాసేస్తున్నారట. దారి చూపినవాడు, పెద్దదిక్కు, ఇలాంటి మనిషి మళ్ళీ పుట్టడు. ఒక్కొక్కటీ నాకు చదివి వినిపించాడు.

చచ్చిపోయిన మనిషిలో మంచి వెతకడం మనవాళ్ళకి ఇష్టం. నేనూ వెతికాను. కావలసినంత దొరికింది కూడా. నా కోపం చల్లారకపోవడానికి కారణం అదే. ఉత్త దుర్మార్గుడైతే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

ఆయన్ని ఎరగనివాళ్ళకి ముందు ఆ దువ్వెన సంగతి చెప్పాలి. గుట్టదారిలో ఎంత దూరాన మనిషి కనబడినా ఆయన ఎడమచెయ్యి పైకి లేచేది. వెనకున్న మేమంతా ఇంజన్లు ఆపాలి. ఆయన హెల్మెట్ తీసి మోచేతికి తగిలించుకుని, ట్యాంకు మీది సంచిలోంచి దువ్వెన తీసి, మిగిలిన నాలుగు వెంట్రుకలూ వెనక్కి దువ్వుకునేవాడు. జాకెట్ జిప్పు లాగితే లోపల ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఏ ఆఫీసరు ఎప్పుడు ఎదురవుతాడో అని మండుటెండల్లో కూడా దాన్ని వదిలేవాడు కాదు. అప్పుడు బండి దిగి, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తున్న ఏ ఆడమనిషి ముందో చేతులు జోడించి నిలబడి తమిళంలో క్షమాపణ అడిగేవాడు.

"మన్నిచ్చుక్కోంగమ్మా. మా బండ్లతో మీకు తొందరవు."

పాపం, ఆమె అంత బరువుతో మెడ తిప్పలేక నిలబడి, "పరవాలేదు సామీ, పోండి" అని మాకు అభయం ఇవ్వాలి. ఇచ్చేదాకా ఆయన కదలడు. మా బండ్ల వల్ల ఆమెకి ఏ ఇబ్బందీ లేదు, ఉన్న ఇబ్బందల్లా ఆయన మర్యాదే. మేకలు కాచేవాళ్ళకి దండం, మోటారు షెడ్డు దగ్గర బీడీ కాల్చేవాళ్ళకి దండం. ఒకసారి దారికి అడ్డంగా పడుకున్న ఎనుముకి కూడా పెట్టాడు. మేం నవ్వాం.

"నవ్వొద్దండి," అన్నాడు. "ఎనుముకి ఓనరు ఉంటాడు గదా. యాడనించో చూస్తా ఉంటాడు."

ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటు. ఇంకా రాని కష్టానికి ముందే జనం చేత కట్టించడం ఆయన వృత్తి. బండెక్కినా ఆ బుద్ధి దిగేది కాదు. "ముందు మనమే తగ్గాల" అనేది ఆయన నోట్లో నానే మాట. ఎవరో వచ్చి తగ్గించకముందే మనం తగ్గిపోతే దారి మిగులుతుందని ఆయన లెక్క. టీ తాగేటప్పుడు చెప్పేవాడు, చక్రం పంక్చరైతే చెప్పేవాడు, ఎవరైనా ఆయన్ని దాటి ముందుకు పోబోతే మాత్రం తప్పకుండా చెప్పేవాడు. గుంపుకి ముందు ఎప్పుడూ ఆయన బండే. అది నడిచే వేగానికి వెనక మా ఇంజన్లు ఉడికిపోయేవి.

నేను చేరిన మొదటి ఆదివారమే నన్ను అందరి ముందూ నిలబెట్టాడు. నేను కొన్న పాత బండికి అంతకుముందు యజమాని పెద్ద చప్పుడు చేసే సైలెన్సరు బిగించాడు. "పాపా, నీ బండి ఊరంతా వినబడేటట్టు అరుస్తాంది. మార్చుకోనొచ్చి మల్ల రా," అన్నాడు. నాకప్పటికి ముప్ఫై దాటి చాలాకాలమైంది, ఆయనకి నేను పాపనే. మార్చుకుని వచ్చాను. ఆ మాట న్యాయమే, ఒప్పుకుంటాను. ఆ గుట్టదారి అలాంటిది మరి. సగం పోరంబోకు, సగం రైతుల పొలాల మధ్య బండిబాట, ఆ పైన అడవి శాఖ వాళ్ళ హద్దురాళ్ళు. ఎవరికి ఒళ్ళు మండినా ఒక ముళ్ళకంప అడ్డం వేస్తే చాలు, మా ఆదివారాలు అయిపోతాయి.

ఆ దారి నాకెందుకో కూడా చెప్పాలి. వారమంతా ట్యూబులైటు కింద కూర్చుని చిన్న ఇనప రింగులు చేతిలో తిప్పుతూ వాటి మీద గీతలు వెతకడం నా ఉద్యోగం. నా వెనక సూపర్‌వైజరు నన్ను వెతుకుతుంటాడు. ఇంటికొస్తే ఇంటివాళ్ళు. ఆ ఇసక వంక దాటి రాతి ఏటవాలు ఎక్కేటప్పుడు, ముందుచక్రం ఎటు జారుతుందో తప్ప ఇంకో ఆలోచన పట్టదు. నన్ను ఎవరూ చూడని చోటు నాకు అదొక్కటే ఉండేది.

ఆయన చేసిన మేలు చెప్పకపోతే అన్యాయం. చెబుతాను, పళ్ళు కొరుక్కుంటూనే. ఒక ఏడాది అడవి శాఖ వాళ్ళు హద్దురాళ్ళ దగ్గర దారికి అడ్డంగా గొయ్యి తవ్వించాలనుకున్నారు. బండ్లు అడవిలోకి పోతున్నాయని. మేం ఫోన్లలో తిట్టుకుంటూ కూర్చున్నాం. ఆయన మాత్రం ఆ తెల్లచొక్కా వేసుకుని రేంజరు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాడు. పనులు మానుకుని రోజూ పోయి కూర్చున్నాడు. రేంజరు బయటికొచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. చివరికి ఆ రేంజరే విసిగిపోయి నీకేం కావాలయ్యా అంటే, ఒక్కసారి నా బండెక్కండి ఐయా అని, వెనక కూర్చోబెట్టుకుని దారంతా తిప్పి చూపించాడు. మా చక్రాలు బండిబాట దాటి ఒక్క మొక్క మీదికి కూడా పోలేదని చూసి, ఊళ్ళో నుంచి ఫిర్యాదు రానంతవరకూ పోనిమ్మన్నాడు రేంజరు. ఆ పని మాలో ఎవరివల్లా అయ్యేది కాదు, నావల్ల అసలే కాదు.

కానీ ఫిర్యాదు రానే వచ్చింది. మావల్ల కాదు. పట్నం నుంచి వచ్చిన పెద్ద బండ్లవాళ్ళ వల్ల. ఇక్కడ తారురోడ్డు మీద ఉలవకట్టె పరిచి ఉంటే బండ్లు తొక్కుకుంటూ పోవాలి, అలా తొక్కితేనే గింజ రాలుతుంది, రైతు సంతోషిస్తాడు. ఆ పట్నం వాళ్ళు ఎక్కడో అది చూసినట్టున్నారు. పొలందారిలో ఎండబోసిన శనక్కాయల మీదుగా ఊరికి ఉపకారం చేస్తున్నట్టు తోలుకుంటూ పోయారు. కాయలన్నీ పిండి. మర్నాటికి దారికి అడ్డంగా ముళ్ళకంప పడింది.

ఊళ్ళో పంచాయితీ అన్నారు. నేనూ వస్తానన్నాను. "ఆడికి నువ్వెందుకు పాపా, ఇంట్లో ఉండు," అని ఇద్దరు మగవాళ్ళని వెంటబెట్టుకుని పోయాడు. సాయంత్రం పళ్ళిపట్టు బస్టాండు ఎదురుగా టీకొట్లో అందరం కూడాం.

"ఊరు దారి ఇచ్చింది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "మూడు కండిషన్లు. దారిలో మనిషి కనబడితే ఇంజను ఆఫ్. శనక్కాయ పీకి ఎండబోసే నెలల్లో ఒక్క బండీ రాగూడదు. మూడోది..." అని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అక్కగార్లు దాటి ఆడవాళ్ళు బండి తోలగూడదు."

అక్కగార్లంటే వంక ఒడ్డున కానుగచెట్టు కింద ఏడు రాళ్ళు. ఆ ఊరి ఆడవాళ్ళు పసుపు పూసి బొట్లు పెట్టి కొలుచుకుంటారు. అసలు గుట్టదారి ఆ రాళ్ళు దాటాకే మొదలు. అంతవరకూ పాలవాడి సైకిలు కూడా వస్తుంది.

మా గుంపులో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

"ఎవురడిగినారు ఆ మాట?" అన్నాను.

"ఊరే అడిగింది పాపా. దేవుడి కాడ వ్యవహారం. నువ్వు తప్పుగా అనుకోవద్దు. నీ ఒక్కదానికోసరం ఇంతమంది..." అని ఆపేశాడు. ఇలాంటి వాక్యాలు ఆయన ఎప్పుడూ పూర్తిచేసేవాడు కాదు, వినేవాళ్ళకి వదిలేసేవాడు. అందరూ గ్లాసుల్లోకి చూశారు. దాము కూడా. ఎవరో నాకు ఇంకో టీ చెప్పారు.

ఊరి కట్టుబాటంటే ఏం చేస్తాం? నమ్మాను. ఆదివారాలు వాళ్ళతోపాటు అక్కగార్ల దాకా పోయి, కానుగచెట్టు కింద ఆగిపోయేదాన్ని. వాళ్ళు పైకి పోయి వచ్చేదాకా వాళ్ళ సంచులకీ టిఫిన్ డబ్బాలకీ నేను కాపలా. పైన ఏటవాలు మీద ఇంజన్లు మూలుగుతుంటే, ఏ బండి ఏ రాయి దగ్గర ఇరుక్కుందో కింద నుంచే చెప్పగలిగేదాన్ని. దిగి వచ్చాక ఆయన నా దగ్గరికి వచ్చి, "పాపకి ఓర్పు జాస్తి" అని నలుగురిలో మెచ్చుకునేవాడు. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ ఒంటి మీద తేలు పాకినట్టు ఉంటుంది.

ఒక ఆదివారం అలా కూర్చుని ఉంటే మునెమ్మ వచ్చింది. ఆ రాళ్ళకి పసుపు పూసే పెద్దావిడ. నన్నూ నా బండినీ మార్చి మార్చి చూసింది.

"బండి చెడిపోయిందామ్మా? నువ్వు పోలా?"

"మీ ఊరోళ్ళే గదమ్మా వద్దన్నారు. అక్కగార్లు దాటి ఆడోళ్ళు రాగూడదని."

మునెమ్మ పసుపు చేతులతో అలాగే నిలబడిపోయింది. "ఎవురన్నారు?"

"పంచాయితీలో."

"ఆ పొద్దు నేను ఆడనే ఉండాను. పాడైన శనక్కాయలు మావే. ఎవురూ ఆ మాట అనలా. మీ పెద్దాయనే లేసి చెప్పినాడు. మాలో ఒక ఆడమనిషి ఉండాది, అక్కగార్ల కాడ అపచారం అయిపోతాదేమో, ఆమెను రానియ్యం అని. మేమేం చెప్పేది? మీలో అదేదో పద్ధతేమో, సరే మీ ఇష్టం అంటిమి." వంగి మళ్ళీ పసుపు పూయడం మొదలుపెట్టింది. "ఏడుమందీ ఆడోళ్ళే గదమ్మా. నువ్వు పోతే వీళ్ళకేం కోపం?"

నేను లేచి నిలబడ్డాను. కూర్చోలేకపోయాను.

వాళ్ళు దిగి వచ్చారు. ఆయన హెల్మెట్ తీసి తల దువ్వుకుంటుండగానే అడిగాను. దబాయించడు, బుకాయించడు, ఆయనలో అదొక గుణం.

"ఈ పొద్దు కాకపోతే రేపు, ఎవురో ఒకరు అడిగేదే గదా పాపా. మనమే ముందర చెప్పేస్తే మర్యాద."

"తగ్గాలంటే మీది ఏదన్నా తగ్గించుకోండి. నాది ఎట్ల ఇచ్చేస్తిరి?"

"ఇచ్చేసిన మాట. మల్ల పోయి కాదంటే రేపు మనల్ని ఎవురు నమ్ముతారు?"

"మీరు మాట ఇచ్చిన ఊరామె ఈడనే ఉండాది. అడగండి."

ఆయన మునెమ్మ వైపు తిరిగాడు. చేతులు జోడించాడు. గొంతు మెత్తబడింది. "మన్నిచ్చుక్కోంగమ్మా. మా పాపకి కొంచెం కోపం జాస్తి."

నా తరఫున. నా కోపానికి. నా కళ్ళముందే. నేను హెల్మెట్ పెట్టుకుని కిక్ కొట్టి రాళ్ళు దాటి పైకి పోయాను. ఏటవాలు ఎక్కి వెనక్కి చూస్తే కింద బండ్లు ఒకదాని వెనక ఒకటి ఊరివైపు తిరిగిపోతున్నాయి. ఆయనే తిప్పించాడు. పాప మాట తప్పింది, మనం తప్పగూడదు అన్నాడని తర్వాత దాము చెప్పాడు.

ఆ తర్వాత వాళ్ళు ఎప్పుడు పోతున్నారో నాకెవరూ చెప్పలేదు. ఆ గుట్టల్లో ఒంటరిగా పోకూడదు. పడితే బండి కాలి మీద ఉంటుంది, లేపే మనిషి ఉండడు, ఫోను పలకదు. నా బండి ఇంట్లో పట్ట కప్పుకుని కూర్చుంది. ఏళ్ళు గడిచాయి. తిరుత్తణి బజారులో రెండుమూడుసార్లు ఎదురుపడ్డాడు. దూరాన్నుంచే నవ్వి దండం పెట్టేవాడు, నేను ముఖం తిప్పుకునేదాన్ని. గడ్డిమోపుల వాళ్ళకీ రేంజర్లకీ ఎనుముకీ చెప్పిన ఆ మన్నింపు మాట ఒక్కటీ నాకు మాత్రం చెప్పలేదు. ఆ దారి ఆయనవల్లే మిగిలింది. అందరికీ, నాకు తప్ప.

ఇదీ మనిషి. బస్సులో దాము చదివి వినిపించిన వాటిలో ఇదేదీ లేదు.

ఆయన పోయిన నెలలోపే గుంపు వాళ్ళు అక్కగార్ల దగ్గర పెద్ద బోర్డు నాటారు. అన్న గుర్తుగా. పైన ఆయన ఫోటో, కింద తమిళంలో ఆయన పెట్టిన మూడు కట్టుబాట్లు. మూడోదాని ముందు 'ఊరి ఆచారం ప్రకారం' అని కూడా చేర్చారు. బతికుండగా నోటిమాటగా ఉన్నది చచ్చాక ఇనప రేకు మీదికెక్కింది.

పది రోజులు తిరక్కుండా దాము మళ్ళీ నా పక్క సీట్లోకి వచ్చాడు. ఈసారి ముఖం పాలిపోయి ఉంది.

"దారికి కంప వేసినారక్కా. ఆడోళ్ళంతా వచ్చి కూర్చోనుండారు. ఫారెస్టు ఆఫీసులో కంప్లెయింటు ఇస్తామంటా ఉండారు."

సంగతి ఇది. మునెమ్మ కోడలు ఈ మధ్యే మొపెడ్డు నేర్చుకుంది. వంక అవతలి పొలం నుంచి మేత తెచ్చేది దాని మీదే. ఆమె మామకి మొదటినుంచీ అది ఇష్టంలేదు, కానీ కాదనడానికి కారణం దొరకలేదు. గుంపు నాటిన బోర్డులో దొరికింది. ఊరి ఆచారమని రాసుంది చూడు అని తాళంచెవి లాక్కున్నాడు. తక్కిన ఇళ్ళ మగవాళ్ళకీ చదువు వచ్చేసింది. ఆడవాళ్ళు మళ్ళీ మోపులు నెత్తికెత్తుకున్నారు.

"మునెమ్మ నీ మాటైతే ఇంటాదక్కా," అన్నాడు దాము. "ఒకసారి నువ్వు వచ్చి మాట్లాడు."

ఆలోచిస్తానన్నాను. కొన్నాళ్ళు ఏమీ చేయలేదు. ఆ కొన్నాళ్ళూ హాయిగా ఉన్నాను. ఆదివారం పొద్దున వాళ్ళంతా ఇళ్ళల్లో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ ఉంటారని తలుచుకుంటే కాఫీ ఇంకా రుచిగా ఉండేది. కాపలా కాసిన సంచులు ఎవరెవరివో పేరుపేరునా గుర్తు చేసుకున్నాను. పోనీ, మూతబడనీ అనుకున్నాను. కానీ మూతబడితే నాకూ మూతబడినట్టే. పైగా మునెమ్మ కోడలి తాళంచెవి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆయన నాది ఇచ్చేసి ఊరుకున్నాడనుకున్నాను. ఊళ్ళో ఆడవాళ్ళందరిదీ ఇచ్చేశాడు.

బండి పట్ట తీసి, ప్లగ్గు తుడిచి, దాముని వెనక రమ్మని పోయాను. కంప దగ్గర మునెమ్మ, కోడలు, ఇంకొందరు కూర్చుని ఉన్నారు. నేను చేతులు జోడించలేదు.

"నువ్వా," అంది మునెమ్మ. "మా ఊర్లో లేని ఆచారం తెచ్చి నాటినారు గదే మీరు."

"నేను నాటలా. ఆ బోర్డు మీది మాట ముందర నన్నే ఆపింది."

"ఇప్పుడేం చేయమంటావు?"

"బోర్డు ఈ పొద్దే పీకిస్తాను. ఊరి ఆచారం కాదని రేంజరు ఆఫీసులోనూ మీ పంచాయితీలోనూ వీళ్ళ చేతనే చెప్పిస్తాను. చెప్పినాక దారి ఇయ్యండి."

"వీళ్ళకా?" అంది కోడలు, దాము వైపు గడ్డం చూపించి.

"వీళ్ళకొద్దు. నాకియ్యండి. వీళ్ళు నా వెనక వస్తారు."

దాము రెండడుగులు నా వెనక్కి జరిగాడు.

"మల్ల శనక్కాయలు తొక్కితే?"

"నన్నడగండి."

మునెమ్మ నన్ను ఎగాదిగా చూసి, "మీ ఇల్లు యాడ?" అంది. వీధి, ఇంటి గుర్తు, ఫ్యాక్టరీ షిఫ్టు అన్నీ చెప్పాను. ఆమె ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పి, సరేనంది.

పంచాయితీలో దామే లేచి చెప్పాడు. చెమటలు కక్కుతూ చెప్పాడు. రెండు కండిషన్లు అలాగే ఉన్నాయి, ఇంజను ఆపేదీ, ఎండబోసే నెలల్లో రాకుండా ఉండేదీ. అవి మంచివి, ఆయన పెట్టినవి. ఆ మాట చెప్పడానికి నాకేం అడ్డం లేదు.

ఆదివారం అక్కగార్ల దగ్గర కంప తీశారు. గుంపు వాళ్ళు బోర్డు పీకి, రేకులోంచి ఫోటో ముక్క కత్తిరించుకుని, పక్కనున్న బండరాయికి ఆనించారు. బంతిపూల దండ తెచ్చారు. అందరూ హెల్మెట్లు తీసి నిలబడ్డారు. దాము దండ నాకందించాడు.

"నువ్వు వెయ్యక్కా. బాగుంటాది."

"ఈయన ఉండుంటే ఈ పొద్దు నన్ను పైకి పోనిచ్చేవాడా?" అన్నాను.

దాము దండ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మీలో ఎవురన్నా పోనియ్యమని చెప్పుంటారా?"

దండ దామే వేశాడు. నేను బండెక్కి రాళ్ళు దాటాను. కాసేపటికి వెనక ఒక ఇంజను, తర్వాత మిగతావీ వినబడ్డాయి.